ఐదో నెలలో ఈసుకుపోయే ఆవు: ముందు దాని తల్లి సంగతి చెప్పు

తమ్ముడూ,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తాడిపత్రి దగ్గర పల్లె, ఆరు జెర్సీ సంకర ఆవులు, రెండు ఎనుములు. పోయినేడు ఒక ఆవు ఐదో నెలలో ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే చూలు పడిపోయింది, ఈ ఏడు ఇంకొకటి ఆరో నెలలో. చూలు పోగొట్టే అంటుజబ్బు బ్రూసెల్లాకు పరీక్ష చేయిస్తే లేదని వచ్చింది. ఊళ్ళో ఒకరు గర్భసంచికి బలం లేదన్నారు, ఒకరు దిష్టి అన్నారు. మూడో ఆవు ఇప్పుడు నాలుగు నెలల చూడి, దాన్ని తలుచుకుంటేనే టెన్షన్. ఇవి చాలవన్నట్టు ఎనుము దూడ ఒకటి ఇరవై రోజులకే తెల్లగా పారుకుని చచ్చిపోయింది, కోసి చూస్తే పేగుల నిండా ఏలికపాములు. "పురుగులు తల్లి కడుపులో నుంచే దిగుతాయా?" అని అడిగావు.

తల్లి నుంచే దిగుతాయి. కానీ నీ ఆవుల సంగతి వేరు, ఎనుము దూడ సంగతి వేరు. రెండూ తల్లి నుంచి వచ్చేవే అయినా దారులు వేరు, చేయాల్సిన పని కూడా వేరు. కర్నూలు, కడప జిల్లాల్లో ముప్పై ఏళ్ళు పశువుల డాక్టరుగా తిరిగి రిటైరైనవాణ్ణి. తెలిసినంత రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నువ్వు ఇంత రాసి, అసలు మాట చివర్లో ఊరికే అనేసి వదిలేశావు: "రెండో ఆవు మొదటి దాని కూతురే." నాకు అక్కడే దొరికింది. ఒక కొట్టంలో వేరువేరు చోట్ల కొన్న ఆవులు వరసగా ఈసుకుపోతే నేను మొదట అంటుజబ్బు అనుకుంటాను. తల్లీ కూతురూ, అదీ ఐదారు నెలల మధ్యలో ఈసుకుపోతే నా అనుమానం నియోస్పోరా మీదికి పోతుంది. పూర్తి పేరు నియోస్పోరా కానినం. కంటికి కనపడని ఏకకణ జీవి, నట్టల్లాంటి పురుగు కాదు.

నేను కాలేజీలో చదివినప్పుడు మా పుస్తకాల్లో ఈ పేరే లేదు. 1984లో నార్వేలో కుక్కపిల్లల్లో మొదట గమనించారు. 1988లో పేరు పెట్టారు. ఆ మరుసటేడే అమెరికాలో న్యూ మెక్సికో పాడిమందలో ఈసుకుపోయిన పిండాల్లో ఇదే దొరికింది. దీన్ని పెంచి, మలంలో బయటికి వదిలేది కుక్క అని తేలింది 1998లో. అంటే నేను ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్ళలో ఇలాంటి ఆవులకు నేను చేసిన వైద్యమంతా చీకట్లో చేసినదే. డోన్ వైపు ఒక రైతు ఇంట్లో ముసలావు, దాని కూతురు, మనవరాలు మూడూ ఏదో ఒక ఈతలో ఐదో నెల దాటకుండా పోగొట్టుకున్నాయి. గర్భం నిలబడటానికని హార్మోన్ సూదులు పొడిచాను. నిలబడలేదు. ఆఖరికి "ఈ వంశమే అంత, అమ్మెయ్యి" అన్నాను. ఆయన సంతలో అమ్మాడు. వంశం అన్న మాట నిజమే గానీ ఎందుకో నాకే తెలియదు. కొన్నవాడి ఇంట్లో ఏమైందో తర్వాత విన్నాను, అది ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

ఇది ఎలా నడుస్తుందో చెప్తాను. ఆవుకు ఒకసారి పట్టిందంటే మెదడులో, వెన్నుపాములో చిన్న గూళ్ళు కట్టుకుని బతికినంత కాలం ఉండిపోతుంది. మామూలు రోజుల్లో జ్వరం లేదు, మేత మానదు, పాలు ఇస్తూనే ఉంటుంది. చూలు కట్టాక పిండాన్ని నిలుపుకోవడానికి ఒంట్లోని రోగనిరోధక శక్తి కొంత మెత్తబడుతుంది కదా, సరిగ్గా ఆ సందులో గూళ్ళలో నిద్రపోతున్నవి లేచి నెత్తురులో పడి మాయకు, మాయ నుంచి పిండానికి చేరతాయి. ఆ సమయానికి పిండం వయసెంత అన్నదాన్ని బట్టి ఫలితం. మరీ లేతగా ఉంటే లోపలే కరిగిపోతుంది, ఆవు మళ్ళీ ఎదకొచ్చిందనుకుంటాం. మధ్య నెలల్లో అయితే చచ్చి ఈసుకుపోతుంది. ఎక్కువగా ఐదు, ఆరు నెలల్లో జరిగేది ఇదే. ఒక్కోసారి వెంటనే పడకుండా లోపలే ఎండి పిడచకట్టి ఎప్పుడో పడుతుంది. చివరి నెలల్లో అయితే పిండం తట్టుకుంటుంది, దూడ నెలలు నిండి చక్కగా పుడుతుంది.

ఆ చక్కగా పుట్టిన దూడ దగ్గరే అసలు చిక్కు. చూడటానికి బొమ్మలా ఉంటుంది, చెంగుచెంగున ఎగురుతుంది. ఎక్కడో ఒకటి కాళ్ళు బిర్రబిగిసి, లేవలేక పుడుతుందేమో గానీ ఎక్కువ దూడలకు పైకి ఏ లోపమూ కనపడదు. పెయ్య పుట్టిందని సంబరపడి పెంచుతాం. అది పెరిగి చూలు కట్టినప్పుడు తన తల్లి నుంచి తెచ్చుకున్నదాన్ని తన పిండానికి దింపుతుంది. నీ రెండో ఆవు అలా పుట్టిందేనని నా అనుమానం. జబ్బున్న తల్లులకు పుట్టే దూడల్లో సగానికి పైగా, కొన్ని మందల్లో నూటికి తొంభై దాకా కడుపులోనే అంటుకుని పుడతాయి. ఇంత కచ్చితంగా తల్లి నుంచి బిడ్డకు దిగే జబ్బులు పశువుల్లో చాలా తక్కువ. మన దేశంలో ఆవుల్లోనూ ఎనుముల్లోనూ నెత్తురు పరీక్షల్లో ఇది బయటపడింది. ఎనుములు దీనికి ఆవులంత సులువుగా ఈసుకుపోవు.

ఆవు నుంచి పక్క ఆవుకు అంటదు. ఒకే గాటన కట్టేసినా, ఒకే తొట్లో నీళ్ళు తాగినా భయం లేదు. కొత్తగా పట్టాలంటే కుక్క మధ్యలో ఉండాలి. మాయ గానీ, ఈసుకుపోయిన పిండం గానీ, పచ్చి మాంసం గానీ తిన్న కుక్క, ముఖ్యంగా కుక్కపిల్ల, కొన్నాళ్ళ పాటు మలంలో దీని గుడ్లలాంటి వాటిని వదులుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో అవి అంటించే స్థితికి వస్తాయి. మేతలోనో నీళ్ళలోనో కలిసి ఆవు కడుపులోకి పోతాయి.

మన వైపు కొట్టాలు ఎలా ఉంటాయో ఒకసారి తలుచుకో. శనక్కాయ కట్టె వామి, పక్కన జొన్నసొప్ప. చలికాలం వచ్చిందంటే ఊరకుక్క వామి కింద బొరియ చేసుకుని అక్కడే ఈనుతుంది. ఐదారు పిల్లలు అందులోనే ఆడతాయి, అందులోనే దొడ్డికి పోతాయి. తెల్లారి మనం ఆ కట్టెనే చేతినిండా లాగి చూడి ఆవు ముందు వేస్తాం. నేను చూసిన ఇళ్ళలో ఎక్కువ భాగం ఇంతే. కుక్కను తిట్టి లాభం లేదు, వామి కింద రాళ్ళు పేర్చి అటక కట్టినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మాయ సంగతి కూడా చెప్పాలి. మా చిన్నప్పుడు ఆవు ఈనితే మాయను పాత గోనెసంచిలో మూటకట్టి ఊరి బయట మర్రిచెట్టు కొమ్మకు వేలాడదీసేవాళ్ళు. మర్రికి పాలు కారతాయి కాబట్టి ఆవు కూడా పాలు బాగా ఇస్తుందని నమ్మకం. డాక్టరు చదువు చదివి వచ్చిన కొత్తలో నేను దాన్ని చూసి నవ్వాను. పాల సంగతి దేవుడెరుగు, కుక్కకు అందకుండా ఇంతకంటే మంచి ఉపాయం ఇంకొకటి లేదు. ఇప్పుడు ఏం చేస్తున్నాం? పారతో ఎత్తి పెంటదిబ్బ మీద పడేస్తున్నాం. రాత్రికి కుక్కలు పండగ చేసుకుంటున్నాయి. మర్రిచెట్టు లేకపోతే మోకాలు లోతున గుంత తీసి, సున్నం చల్లి, మీద బండరాయి పెట్టు.

పరీక్షల సంగతికొస్తాను. బ్రూసెల్లా లేదన్నారు సరే. ఈసుకుపోయిన వెంటనే తీసిన నెత్తురులో బ్రూసెల్లా కొన్నిసార్లు దొరకదు, అందుకని మూడు వారాలాగి ఇంకోసారి తీయించు. ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. నియోస్పోరా మనుషులకు వస్తుందని ఇప్పటిదాకా రుజువు లేదు. బ్రూసెల్లా మాత్రం వస్తుంది. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ళ నొప్పులు. మా వృత్తిలో దానితో బాధపడ్డవాళ్ళు చాలామంది. అది తేలేదాకా పాలు కాచే తాగండి, పిండాన్నీ మాయనూ ఉత్త చేతులతో ముట్టొద్దు, ఇంట్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళను ఆ పనికి అసలు పంపొద్దు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా జన్మలో ఒక్కసారి వేస్తారు, ప్రభుత్వం ఉచితంగానే వేస్తుంది. నీ దగ్గర ఆ వయసు పెయ్యలుంటే ఈ నెలలోనే అడుగు.

నియోస్పోరాకు నెత్తురులో ఎలైసా పరీక్ష ఉంది. ఈసుకుపోయిన రెంటి నెత్తురే కాకుండా ఆరింటిదీ తీయించు. ఒక్క ఆవుకు ఉందని వస్తే అదే కారణమని చెప్పలేం, ఎందుకంటే జబ్బు ఉండి కూడా నెలలు నిండి ఈనే ఆవులే ఎక్కువ. ఈసుకుపోయినవాటికి ఉండి, బాగా ఈనినవాటికి లేదని తేలితే అప్పుడు మాట గట్టిపడుతుంది. ఇంకా గట్టి సాక్ష్యం పిండమే. ఈసారి అలాంటిది జరిగితే, జరగకూడదనే కోరుకుందాం, చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని పిండాన్ని మాయతో సహా రెండు కవర్లలో చుట్టి, థర్మోకోల్ డబ్బాలో ఐసు గడ్డల మధ్య పెట్టి అదే రోజు తీసుకుపో. గడ్డకట్టించొద్దు, మెదడు పాడైతే పరీక్షకు పనికిరాదు. వాళ్ళు మెదడు, గుండె, కాలేయం ముక్కలు చూస్తారు. ముందు మీ పశువుల ఆసుపత్రి డాక్టరుతో ఉత్తరం రాయించుకుని జిల్లా ల్యాబుకు పో. అక్కడ నియోస్పోరా కిట్టు ఉందో లేదో బయలుదేరే ముందే ఫోన్లో అడుగు. లేకపోతే మీకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దూరమేమీ కాదు.

దూడల విషయంలో ఒక చక్కని కిటుకు ఉంది. మనుషుల్లో తల్లి నెత్తురులోని రక్షక ప్రొటీన్లు, అదే యాంటీబాడీలు, మాయ దాటి బిడ్డకు చేరతాయి. ఆవుల్లో చేరవు, మాయ కట్టుబాటే అలాంటిది. దూడకు అవి ముర్రుపాలలోనే అందాలి. అందువల్ల పుట్టిన దూడ ముర్రుపాలు తాగకముందే చిన్న సీసాలో నెత్తురు తీసి పరీక్ష చేస్తే, అందులో నియోస్పోరా యాంటీబాడీలు కనపడ్డాయంటే అవి తల్లివి కావు, దూడ తయారుచేసుకున్నవే. అంటే కడుపులోనే అంటింది. ఒక్కసారి పాలు తాగిందా, తల్లివీ పిల్లవీ కలిసిపోతాయి, ఆరు నెలలు ఆగాల్సిందే. అలాగని నెత్తురు తీసేవాడి కోసం దూడను గంటల తరబడి పస్తుంచొద్దు. మనిషి పక్కన ఉంటేనే ఈ పని, లేకపోతే ముర్రుపాలే ముఖ్యం.

ఉందని తేలితే ఏం చేయాలి? దీనికి మన దగ్గర వేయడానికి టీకా లేదు, ఒంట్లో నుంచి పూర్తిగా పోగొట్టే మందూ లేదు. ఎవరైనా గ్యారంటీ అని సూది చూపిస్తే డబ్బులు జేబులోనే పెట్టుకో. అలాగని వెంటనే అమ్మొద్దు. జబ్బున్న ఆవు లేని ఆవు కంటే రెండు మూడు రెట్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువగా ఈసుకుపోయే అవకాశం ఉంది, నిజమే. కానీ ప్రతి చూలూ పోదు. పాలిస్తున్నంత కాలం పెట్టుకో. దాని పెయ్యలను మాత్రం మందలో నిలుపుకోవద్దు. పెయ్యలను నిలుపుకోవడానికి పరీక్షలో లేదని తేలిన ఆవుల వరసనే ఎంచుకో. ఇలా ఒక తరం జాగ్రత్తపడితే కొట్టం దానంతటదే శుభ్రపడుతుంది. రైతులు నన్ను ఇక్కడే అడ్డుకుంటారు: "సార్, పాలెక్కువ ఇచ్చే వరస అదే కదా!" అని. అదే బాధ. అమ్మేటప్పుడు కొనేవాడికి సంగతి చెప్పి అమ్ము, నేను చేయించిన పని నువ్వు చేయొద్దు.

ఇలా పిండానికి చేటు చేసేవి ఇంకొన్ని ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను. ఊరిమీద వదిలిన ఆబోతుతో దాటిస్తే ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి అంటుకుంటుంది. దానిలో మొదటి మూడు నాలుగు నెలల్లోనే చూలు పోతుంది, గర్భసంచిలో చీము పడుతుంది, ఆవు పదేపదే పొర్లుతుంది. నువ్వు ఆబోతుతో కాకుండా చూలు కట్టడానికి సూదే వేయిస్తున్నానన్నావు, పైగా పోయింది ఐదారు నెలల్లో, కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు. జోరీగలు మోసుకొచ్చే సర్రా అనే జబ్బులో కూడా చూడి పశువులు ఈసుకుపోతాయి, కానీ వచ్చిపోయే జ్వరం, చిక్కిపోవడం ముందే కనపడతాయి. గోమార్ల వల్ల వచ్చే థైలేరియా అరుదుగా కడుపులోని దూడకూ దిగుతుంది. పుట్టిన మొదటి వారంలోనే దూడకు జ్వరం, చిగుళ్ళు తెల్లబడటం, మెడ కింద, భుజం ముందు గ్రంథులు ఉబ్బడం కనిపిస్తే ఆ అనుమానం పెట్టుకోవాలి. సంకర ఆవులను గోమార్ల నుంచి కాపాడుకోవడం ఎలాగూ తప్పదు. పక్కింటివాళ్ళ గొర్రెలు కూడా ఈసుకుపోతున్నాయని రాశావు, అది వేరే కథ. గొర్రెల్లో, మేకల్లో ఆ పని చేసే వాటిలో పిల్లి మలం నుంచి వచ్చే టాక్సోప్లాస్మా ఒకటి. ఆవులు దాన్ని బాగానే తట్టుకుంటాయి.

ఎనుము దూడ విషయానికి వస్తాను. పోయిన దూడ తెల్లగా, బంకమట్టి రంగులో పారుకుంది, నోటి దగ్గర ముక్కిపోయిన వెన్న వాసన వచ్చిందని రాశావు. ఆ వాసన మాట ఒక్కటి చాలు. అవి టాక్సోకారా విట్యులోరం అనే ఏలికపాములు, ఎనుము దూడలకు యముడు. నువ్వు అనుకున్నట్టు తల్లి నుంచే వచ్చాయి, కానీ ముఖ్యంగా పాలలో వచ్చాయి. పెద్ద ఎనుము మేతతో మింగిన గుడ్లలో నుంచి బయటపడ్డ లార్వాలు దాని పేగుల్లో పెరగవు, కండల్లో, అవయవాల్లో దాక్కుంటాయి. ఈనే సమయానికి పొదుగుకు చేరతాయి. మొదటి వారం పది రోజుల పాలలో ఎక్కువగా దిగుతాయి. మూడు వారాలకల్లా దూడ పేగుల్లో పెద్దవై గుడ్లు పెడతాయి, రోజూ పేడలో లక్షల గుడ్లు. అవి ఆ నేలలో నెలల తరబడి ఉండి మళ్ళీ తల్లి నోట్లోకే పోతాయి.

దీనికి తల్లికి నట్టల మందు తాగిస్తే పనికాదు, కండల్లో దాక్కున్నవాటిని ఆ మందు అందుకోలేదు. ముర్రుపాలు మానిపించావా, దూడ వేరే జబ్బుతో పోతుంది. ముర్రుపాలు కడుపునిండా పట్టించి, పది నుంచి పదిహేను రోజుల మధ్య దూడకు పైపరజీన్ గానీ పైరాంటెల్ గానీ దాని బరువు చూసి డాక్టరు చెప్పిన లెక్కలో తాగించు. రెండో మోతాదు ఎప్పుడో ఆయన్నే అడిగి రాసుకో. పొట్ట కుండలా ఉబ్బేదాకా ఆగి తాగిస్తే చచ్చిన పాములు ముద్దకట్టి పేగుకు అడ్డం పడతాయి. రైతులు "మందు పట్టి చంపేశారు" అనేది అప్పుడే. ఆవులు రెంటికి అంత కష్టం తెచ్చిన నియోస్పోరాకు మందు లేదు, ఈ దూడను కాపాడే మందు మెడికల్ షాపులో కొన్ని రూపాయలకే దొరుకుతుంది. రెండో ఎనుము ఎప్పుడు ఈనుతుందో గోడ మీద బొగ్గుతో రాసుకో, పక్కనే పదిరోజుల తర్వాతి తేదీ కూడా.

మందుల మాట వచ్చింది కాబట్టి, చూడి కట్టిన మొదటి నెలన్నర ఆల్బెండజోల్ తాగించొద్దు, పిండానికి చేటు. చూడి పశువులకు నట్టల మందు అవసరమైతే ఫెన్‌బెండజోల్ అడుగు.

నాలుగు నెలల ఆవుకు ఇప్పుడు చేయగలిగింది ఇదీ. వచ్చే రెండు నెలలే గండం. దాని మేతను వేరుగా, కుక్క ఎక్కని చోట పెట్టు. నీళ్ళ తొట్టి రోజూ కడుగు. వామి కింద కుక్కపిల్లలుంటే తరిమితే మళ్ళీ వస్తాయి, వేరే చోట గోనెపట్టా వేసి అక్కడికి మార్చు, వామి చుట్టూ ముళ్ళకంప వెయ్యి. బలానికని, గర్భం నిలబడాలని ఎవరు చెప్పినా హార్మోన్ సూది వేయించొద్దు, ఒకవేళ పిండం లోపలే చచ్చి ఉంటే అది బయటికి రాకుండా ఆపినట్టవుతుంది. నెత్తురు మాత్రం ఈ వారమే తీయించు. కదల్లేని పరిస్థితి వస్తే 1962కు ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్సు వస్తుంది.

ఇవన్నీ చేస్తూ నాకు ఒక సంగతి రాయి. ఆ మూడో ఆవు సంతలో కొన్నదా, ఇంట్లో పుట్టిందా? ఇంట్లో పుట్టిందైతే, దాని తల్లి కూడా ఆ మొదటి ఆవేనా?